ఎం.బుక్‌లో ఎంత రాశారు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో, మెయిళ్లలో సగానికి పైగా రోడ్లు, నాలాలు, బిల్లులు, పర్సెంటేజీల గురించే. వానాకాలం కదా మరి. సర్వీసంతా వర్క్స్ అకౌంట్స్‌లో, అంటే ప్రభుత్వ నిర్మాణ పనుల లెక్కల్లో, గడిపినవాణ్ణి కాబట్టి ఎడిటర్ గారు ఈ కట్టంతా తెచ్చి నా ముందు పడేశారు. కొన్నింటికి వివరంగా, కొన్నింటికి ముక్తసరిగా చెప్తాను. పేర్లు వేయొద్దని అందరూ అడిగారు, వేయడం లేదు.

ప్రశ్న: మా కాలనీలో సీసీ రోడ్డు వేసి ఏడాది కూడా కాలేదు. మొన్నటి వానలకే పై పొర లేచిపోయి కంకర తేలింది. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారిని ఎప్పుడు అడిగినా "కాంట్రాక్టర్‌తో చెప్పి చేయిస్తా మాస్టారూ" అంటారు, చేయించరు. ఎవరికి కంప్లైంట్ ఇవ్వాలి?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, మల్కాజిగిరి

మాస్టారూ, కంప్లైంట్ తర్వాత ఇద్దురుగాని, ముందు కాగితాలు తీయండి. "రోడ్డు బాగాలేదు" అని రాసిస్తే "పరిశీలించి తగు చర్య తీసుకోబడును" అని ఒక జవాబు వస్తుంది, అక్కడితో ఆ ఫైలు కథ ముగిసిపోతుంది. అదే "ఎం.బుక్‌లో 200 మిల్లీమీటర్ల మందం అని రాసి బిల్లు చేశారు, రోడ్డు అంచు దగ్గర కొలిస్తే 140 కూడా లేదు" అని రాసివ్వండి, ఆ కాగితాన్ని పక్కన పెట్టడానికి ఏ ఆఫీసరైనా ఒకసారి ఆలోచిస్తాడు, ఎందుకంటే రేపు ఆడిట్‌లో అదే కాగితం తన మెడకు చుట్టుకుంటుందని ఆయనకు తెలుసు.

ఎం.బుక్ అంటే మెజర్‌మెంట్ బుక్. ఏ పనికైనా ఏఈ కొలతలు తీసి అందులో రాయాలి, ఆయన పైన ఉండే డిప్యూటీ ఇంజినీరు (డీఈ), ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు (ఈఈ) చెక్ మెజర్‌మెంట్ చేయాలి, అంటే ఆ కొలతలు సరిచూడాలి, దాన్ని బట్టి బిల్లు తయారై పే అండ్ అకౌంట్స్ ఆఫీసుకు పోవాలి. ప్రభుత్వం డబ్బిచ్చేది మీ వీధిలో కనిపించే రోడ్డుకు కాదండీ, ఆ పుస్తకంలో రాసిన రోడ్డుకు. రెండింటికీ ఎంత తేడా ఉందో అంతా తిన్నదే.

కాబట్టి సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టండి, జిల్లా, నగర స్థాయి ఆఫీసుల్లో పది రూపాయల ఫీజు. ఎందుకు ఇలా చేశారు, ఎవరు బాధ్యులు లాంటి ప్రశ్నలు అందులో రాయకండి, వాటికి జవాబు చెప్పే పని లేదని తిప్పి పంపేస్తారు. ఫలానా వీధి సీసీ రోడ్డుకు సంబంధించి మంజూరైన ఎస్టిమేట్, కాంట్రాక్టర్‌తో రాసుకున్న అగ్రిమెంట్, ఎం.బుక్ పేజీలు, క్వాలిటీ కంట్రోల్ రిపోర్టులు, చెల్లించిన బిల్లులు, వీటి నకళ్లు ఇవ్వండి అని రాస్తే చాలు. 30 రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే మొదటి అప్పీలు, అక్కడా కాకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. ఇక్కడొక మాట చెప్పాలి, మన తెలంగాణ కమిషన్‌లో 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లకు పైగా కమిషనర్లే లేరు, అప్పీళ్లు గుట్టలు పడ్డాయి. అందుకని మొదటి అప్పీలు దగ్గరే గట్టిగా పట్టుకోవడం మంచిది.

చాలామందికి తెలియనిది ఇంకోటి ఉంది. అదే చట్టంలో సెక్షన్ 2(జె) ప్రకారం పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, వాడిన మెటీరియల్ శాంపిల్ సర్టిఫై చేయించి తీసుకునే హక్కు కూడా మీకుంది. కాలనీ సంఘం తరఫున నలుగురు వెళ్లి, ఏఈ సమక్షంలో టేపు పట్టండి. క్వాలిటీ రిపోర్టులో "క్యూబ్ టెస్ట్ పాస్" అని ఉంటుంది చూడండి, దాన్ని చూసి కంగారుపడొద్దు. క్యూబులంటే కాంక్రీటు బలం పరీక్షించడానికి అచ్చుల్లో పోసే 150 మిల్లీమీటర్ల దిమ్మెలు. అవి పోసేటప్పుడు విడిగా సిమెంటు ఎక్కువేసి, మంచి నీళ్లలో 28 రోజులు నానబెట్టి పాస్ చేయించడం పాత విద్యే. రోడ్డు మీద మాత్రం మధ్యాహ్నం రెండింటికి పోసి సాయంత్రానికి గోనెసంచి కూడా కప్పరు. అందుకే కోర్ కటింగ్ అడగండి, వేసిన రోడ్డులోంచే గుండ్రంగా ముక్క కోసి తీస్తారు. మూడు కోర్లు తీస్తే వాటి సగటు బలం ఉండాల్సినదాంట్లో 85 శాతానికి తగ్గకూడదు, ఏ ఒక్కటీ 75కు తగ్గకూడదని కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెప్తుంది. కోర్‌తో మందం కూడా బయటపడుతుంది, అదే అసలు సంగతి.

అగ్రిమెంట్‌లో డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్ ఎంతో చూడండి. ఆ గడువు లోపల పాడైతే కాంట్రాక్టర్ తన ఖర్చుతో బాగుచేయాలి, అందుకోసమే ప్రతి బిల్లులో కొంత సెక్యూరిటీ డిపాజిట్‌గా పట్టి ఉంచుతారు. గడువు దాటి డిపాజిట్ వాపసు ఇచ్చేశారంటే ఇక ఎవరూ ఫోను ఎత్తరు. ఏఈ గారు "చేయిస్తా, చేయిస్తా" అని రోజులు నెడుతున్నది దీనికోసమేనేమో అని నా అనుమానం, తప్పయితే సంతోషమే.

అన్నట్టు, రోడ్డు అసలు ఎవరిదో ముందు కనుక్కోండి. మీ పక్కనే కంటోన్మెంట్ ఉంది, ఒక వీధి వాళ్లది, ఒకటి కార్పొరేషన్‌ది, పెద్ద రోడ్డు ఆర్ అండ్ బీది కావచ్చు, మధ్యలో జలమండలి వాళ్లు పైపులైనుకు తవ్వి పూడ్చి ఉండొచ్చు. తప్పు ఆఫీసులో దరఖాస్తు ఇచ్చినా ఐదు రోజుల్లో సరైన చోటికి పంపాలని చట్టంలో ఉంది గానీ, దాని మీద ఆశ పెట్టుకోకండి.

ప్రశ్న: ఇప్పుడు టెండర్లన్నీ ఆన్‌లైనే కదా సార్, ఇంక అవినీతి ఎక్కడ జరుగుతుంది? మా సివిల్ ప్రొఫెసర్ ఈ-ప్రొక్యూర్‌మెంట్‌తో అంతా క్లీన్ అయిపోయిందన్నారు.
– బీటెక్ విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

మీ ప్రొఫెసర్ గారు సగం నిజం చెప్పారు. 2003లో ఉమ్మడి రాష్ట్రంలో ఈ-ప్రొక్యూర్‌మెంట్ మొదలవక ముందు టెండర్ షెడ్యూలు (టెండర్ వేసే ఫారాలు) కొనుక్కోవడానికి ఆఫీసుకు వెళ్తే మెట్ల దగ్గరే మనుషులు అడ్డం నిలబడేవాళ్లు. టెండర్ బాక్స్ చుట్టూ కాపలా, గొడవలు, ఆఖరి రోజు క్లర్కు సెలవు. అది పోయింది, నిజంగానే పోయింది, దాన్ని తక్కువ చేయను. పోర్టల్‌లో ఏ పనికి ఎంతకు టెండర్ పిలిచారో నువ్వూ చూడొచ్చు.

కానీ అడ్డం నిలబడ్డవాళ్లు ఇంట్లో కూర్చుని ఫోన్లలో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. దాన్నే "రింగ్" అంటారు. ఈ పని నీది, వచ్చేది నాది, తప్పుకున్నందుకు మిగతావాళ్లకు కొంత సొమ్ము, దాని పేరు "గుడ్‌విల్". పేరు ఎంత బాగుందో చూడు! ఇలా రింగైన పనికి ఎస్టిమేట్ మీద దాదాపు 5 శాతం ఎక్సెస్ (ఎక్కువ ధర) పడుతుంది, ఎందుకంటే 2003 నాటి జీవో 94 పెట్టిన గరిష్ట పరిమితి అదే. రింగ్ కుదరనప్పుడు ఇంకో వింత జరుగుతుంది, 20, 24 శాతం లెస్‌కు, అంటే ఎస్టిమేట్ కన్నా అంత తక్కువకు, కోట్ చేస్తారు. 25 గీత దాటితే తేడా సొమ్ముకు డీడీయో బ్యాంక్ గ్యారంటీయో ఇవ్వాలని అదే జీవోలో ఉంది కాబట్టి అంచున ఆగుతారు.

ఇప్పుడు నువ్వే లెక్కేసుకో. వంద రూపాయల ఎస్టిమేట్‌కు 76కు పని తీసుకున్నవాడు అందులోంచి సిమెంటు, కంకర, కూలీ, తన లాభం, ఆపైన ఆఫీసు మామూళ్లు, లోకల్ లీడర్ వాటా, ఇవన్నీ తీయాలి. అంటే రెండింట్లో ఒకటి జరగాలి. ఎస్టిమేటే ముందు ఉబ్బించి ఉండాలి, లేదా పని సగమే జరగాలి. ఆన్‌లైన్ పోర్టల్‌కు ఈ రెండూ కనిపించవు, దానికి ఎవరు తక్కువ రాశారన్నదొక్కటే కనిపిస్తుంది. ఇక పెద్ద పనిని చిన్న చిన్న ముక్కలు చేసి అసలు టెండరే లేకుండా నామినేషన్ మీద ఇచ్చేసేవి వేరే కథ. ఒకే వీధికి ఒకే నెలలో నాలుగు శాంక్షన్లు కనిపిస్తే అర్థం అదే.

పర్సెంటేజీల సంగతి కొత్తదేం కాదు బాబూ. కేంద్రం వేసిన సంతానం కమిటీ 1964లో ఇచ్చిన నివేదికలోనే ఉంది, పబ్లిక్ వర్క్స్ నిర్మాణాల్లో 7 నుంచి 11 శాతం దాకా మామూలుగా ముడుతుందని, దాన్ని ఈఈ నుంచి కింద గుమాస్తాల దాకా పంచుకుంటారని, అప్పుడప్పుడూ ఈఈ పైన ఉండే ఎస్ఈకి (సూపరింటెండింగ్ ఇంజినీరుకు) కూడా వాటా పోతుందని సాక్షులు చెప్పారట. ఆ కమిటీ చెప్పాకే సెంట్రల్ విజిలెన్స్ కమిషన్ పుట్టింది. 2021లో కర్ణాటక కాంట్రాక్టర్ల సంఘం ప్రధానికి రాసిన లేఖలో 40 శాతం అని ఆరోపించింది. ఆరోపణే అనుకో, కానీ అరవై ఏళ్లలో కాంట్రాక్టర్ల నోట వినిపించే అంకె ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో చూడు.

ప్రశ్న: చిన్న కాంట్రాక్టర్‌ని. డ్రైనేజీ పని చేసి ఫైనల్ బిల్లు పెట్టాను, ఫైలు కదలాలంటే ఇంత శాతం అంటున్నారు. అప్పు తెచ్చి పని చేశాను, వడ్డీ పెరుగుతోంది, టెన్షన్‌తో నిద్ర లేదు. ఏసీబీకి చెప్తే ఇంక నాకు ఈ సర్కిల్‌లో పని దొరుకుతుందా? ఇప్పటికే కొంత ఇచ్చాను కూడా.
– కూకట్‌పల్లి

ముందు ఆఖరి మాట గురించి. ఎప్పుడిచ్చారు? 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించాక లంచం ఇవ్వడం కూడా నేరమే, ఏడేళ్ల దాకా జైలు పడొచ్చు. అయితే బలవంతం మీద ఇచ్చి, ఇచ్చిన ఏడు రోజుల్లోపు పోలీసులకో ఏసీబీకో తెలియజేస్తే ఆ సెక్షన్ మీకు వర్తించదు. ముందే ఏసీబీకి చెప్పి, వాళ్ల ట్రాప్‌లో, అంటే లంచగొండిని పట్టుకోవడానికి పన్నే వలలో, భాగంగా ఇస్తే కూడా వర్తించదు. ఏడు రోజులు దాటిపోతే ఏసీబీకి వెళ్లే ముందు ఒక లాయర్‌తో మాట్లాడండి, ఇక్కడ నేను అంతకు మించి చెప్పకూడదు.

ఏసీబీ టోల్‌ఫ్రీ నంబరు 1064. ఫోను చేస్తే పిలిచి రాతపూర్వకంగా ఫిర్యాదు తీసుకుంటారు, మీ మాట నిజమా కాదా అని ముందు వాళ్లు విడిగా వెరిఫై చేసుకుంటారు. తర్వాత ఇద్దరు మధ్యవర్తుల సమక్షంలో నోట్ల నంబర్లు రాసుకుని, వాటికి ఫినాఫ్తలీన్ పొడి రాస్తారు. ఆ నోట్లు ముట్టుకున్న చేతిని సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లలో ముంచితే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి, అది పేపర్లలో మీరూ చదివే ఉంటారు. కానీ రంగు ఒక్కటే సరిపోదు. ఆయన అడిగినట్టు రుజువు కావాలి. "డబ్బు టేబుల్ మీద పెట్టిపోయాడు, నాకేం తెలుసు" అని తప్పించుకున్నవాళ్లు బోలెడంత మంది. అందుకని ఎప్పుడు, ఎక్కడ, ఏ మాటతో అడిగారో ఈ రోజే కాగితం మీద తేదీతో రాసి పెట్టుకోండి, ఫోన్ కాల్స్, మెసేజ్‌లు డిలీట్ చేయకండి.

ఇంకో నిజం కూడా చెప్పాలి. ట్రాప్ జరిగిన రోజు అందరూ మీ వెనక ఉంటారు, నాంపల్లి ఏసీబీ కోర్టులో కేసు విచారణకు వచ్చేసరికి ఏళ్లు గడుస్తాయి, ఈలోపు ఎవరో ఒకరు రాజీకి వస్తారు. సాక్ష్యం తిప్పేసే ఫిర్యాదుదారులు అందుకే తయారవుతారు. ఫిర్యాదుదారుడు ఎదురు తిరిగినా మిగతా ఆధారాలతో డిమాండ్‌ని రుజువు చేయొచ్చని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది, అది కొంత నయం. కానీ మీరు మధ్యలో వదిలేసేట్టయితే మొదలుపెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

పని దొరుకుతుందా అంటే, ఆ ఆఫీసులో కొన్నాళ్లు చిరాకు పెడతారు, కాదనను. మీ కొలతల్లో లొసుగు ఉంటే మాత్రం దాన్నే పట్టుకుంటారు. కాబట్టి 1064కు ఫోను చేసే ముందు మీ పని ఎం.బుక్‌తో సరిపోతుందో లేదో మీరే కొలుచుకోండి. సరిపోతే మీరు భయపడాల్సింది చాలా తక్కువ. బిల్లు పెండింగ్ గురించి వేరేగా, రాతపూర్వకంగా, ఈఈకి ఒకటి, ఎస్ఈకి ఒకటి లెటరిచ్చి ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి.

ప్రశ్న: సార్, నేను ఏఈఈని (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుని), ఉద్యోగంలో చేరి రెండేళ్లు కాలేదు. జరగని పనికి ఎం.బుక్ రాయమని పై నుంచి ఒత్తిడి. "అందరూ రాస్తారమ్మా, నువ్వేమైనా స్పెషలా" అంటున్నారు. రాయకపోతే ట్రాన్స్‌ఫర్ అంటున్నారు. ఏం చేయాలి?

అమ్మా, నీ ఉత్తరం చదివాక మిగతావి పక్కన పెట్టాను.

రాయకు. ధైర్యం చెప్పడానికి అనడం లేదు, లెక్క చూసే అంటున్నాను. ఎం.బుక్‌లో కొలతల కింద "నేను కొలిచాను" అని తేదీ వేసి సంతకం పెట్టేది నువ్వు. ఫోన్లో ఒత్తిడి చేసినాయన సంతకం అక్కడ ఉండదు, ఉన్నా "ఏఈఈ కొలతల మీద ఆధారపడ్డాను" అని ఆయన జవాబు రెడీగా ఉంటుంది. విజిలెన్స్ వచ్చిన రోజు మొదటి మెమో, మొదటి సస్పెన్షన్ కొలిచినవాళ్లకే. నా సర్వీసులో చూసిన ప్రతి కేసులోనూ వరస అదే. వాటా తక్కువ తిన్నవాళ్లు, ఒక్కోసారి అసలు తిననివాళ్లు ముందు పోతారు.

చేయాల్సింది ఇది. జరిగినంత పనికే కొలతలు రాయి, అసలు రాయకుండా తాత్సారం చేయకు, అది నీ మీదికే తిరుగుతుంది. సైట్‌కు పోయిన ప్రతిసారీ లొకేషన్, టైమ్ పడేలా ఫోటోలు తీసి పెట్టుకో. పని లోపాల మీద కాంట్రాక్టర్‌కు లెటర్ రాసి డీఈకి కాపీ పెట్టు. నోటి మాటగా ఆదేశం వస్తే ఆ సాయంత్రమే "మీరు ఈరోజు ఫోన్లో చెప్పిన ప్రకారం ఫలానా రీచ్‌కు (ఆ భాగానికి) కొలతలు నమోదు చేయాలా, సైట్‌లో పని ఇంతవరకే జరిగింది, దయచేసి రాతపూర్వకంగా తెలపగలరు" అని మర్యాదగా నోట్ పెట్టు. నూటికి తొంభై సార్లు దానికి జవాబు రాదు. ఆదేశం కూడా మళ్లీ రాదు. పుస్తకంలో ఎక్కడైనా తప్పు పడితే చెరపకు, వైట్‌నర్ పూయకు, అడ్డంగా ఒక్క గీత కొట్టి పక్కన సరిగ్గా రాసి ఇనీషియల్ వేయి. దిద్దిన ఎం.బుక్ చూస్తే ఆడిట్‌వాళ్లకు పండగే.

బయటికి ఫిర్యాదు చేయాలనుకుంటే మాత్రం జాగ్రత్త. సత్యేంద్ర దూబే పేరు వినే ఉంటావు, ఐఐటీ కాన్పూర్‌లో చదివిన హైవే ఇంజినీరు. స్వర్ణ చతుర్భుజి పనుల్లో అక్రమాల గురించి తన పేరు బయటపెట్టొద్దని కోరుతూ ప్రధాని కార్యాలయానికి రాశాడు, ఆ లేఖ ఆయన పేరుతో సహా ఆఫీసులన్నీ తిరిగింది, 2003 నవంబర్ 27న గయలో ఆయన్ని చంపేశారు. ఫిర్యాదుదారులకు రక్షణ ఇచ్చే చట్టం 2014లో పార్లమెంటు చేసింది, ఇంతవరకూ అమల్లోకి తేలేదు. ఇది నిన్ను భయపెట్టడానికి చెప్పడం లేదు, ఒంటరిగా, సంతకం పెట్టి, ఒకే చోటికి ఫిర్యాదు పంపకు అని చెప్పడానికి. నీ బ్యాచ్‌వాళ్లు ఉంటారు కదా, వాళ్లకూ ఇదే ఒత్తిడి ఉంటుంది. నలుగురూ ఒకేలా నోట్లు పెట్టడం మొదలుపెడితే ట్రాన్స్‌ఫర్ చేయడానికి ఎంతమందిని వెతుక్కుంటారు?

ట్రాన్స్‌ఫర్ అంటావా, చేస్తే చేయనీ. సంచీ సర్దుకుని పోవచ్చు. ఏసీబీ కేసు మాత్రం పెన్షన్ దాకా వెంట వస్తుంది.

ప్రశ్న: లోకాయుక్త, విజిలెన్స్, ఏసీబీ, ప్రజావాణి... ఎవరి దగ్గరికి పోవాలో తెలియడం లేదు.
– ఎల్బీనగర్

లంచం అడుగుతుంటే, అంటే ఇంకా చేయి మారకపోతే, ఏసీబీ. పని నాసిరకం, కొలతలు తప్పు అయితే విజిలెన్స్ అండ్ ఎన్‌ఫోర్స్‌మెంట్, వాళ్ల దగ్గర సొంత ఇంజినీర్లున్నారు, తవ్వి చూడగలరు. ఆఫీసర్ పట్టించుకోవడం లేదు, ఫైలు తొక్కిపెట్టాడు అంటే బషీర్‌బాగ్‌లోని లోకాయుక్త. సోమవారం ప్రజావాణి గుంతలు పూడ్చడానికి పనికొస్తుంది, అవినీతి తేల్చడానికి కాదు. ఎక్కడికి పోయినా కాగితాలతో పోండి, ఉత్త చేతులతో పోతే నాలుగూ ఒకటే.

ప్రశ్న: మా ఇంటి వెనకే హుస్సేన్‌సాగర్ సర్‌ప్లస్ నాలా. ఏటా వానల ముందు పూడిక తీశామంటారు, ఏటా నీళ్లు ఇళ్లలోకి వస్తాయి. తీశారో లేదో ఎలా తెలుస్తుంది? రోడ్డంటే కొలవొచ్చు, బురదను ఎలా కొలుస్తాం?
– గృహిణి, అశోక్‌నగర్

మంచి ప్రశ్న అడిగారమ్మా. ఇంజినీరింగ్ పనుల్లో దోచుకోవడానికి పూడికతీత అంత అనువైనది ఇంకోటి లేదు. రోడ్డు అయితే కోర్ కోసి చూడొచ్చు. నాలాకు జూన్‌లో మొదటి వాన పడిందంటే సాక్ష్యమంతా కొట్టుకుని మూసీలో కలిసిపోతుంది. తీసినా తీయకపోయినా ఆగస్టుకు నాలా ఒకేలా ఉంటుంది.

అందుకే బురదను కాకుండా లారీలను లెక్కపెట్టాలి. పూడిక క్యూబిక్ మీటర్లలో బిల్లవుతుంది, దాన్ని ఎత్తిపోశామని చూపించడానికి ట్రిప్ షీట్లు, కాటా స్లిప్పులు ఉంటాయి. వాటిలో ప్రతి బండి నంబరూ ఉండాలి. సమాచార హక్కు కింద ఎం.బుక్‌తో పాటు ఆ ట్రిప్ షీట్లు, కాటా స్లిప్పులు, పని ముందూ తర్వాతా తీసిన లెవెల్స్ (నాలా అడుగు ఎంత ఎత్తులో ఉందో చూపే కొలతలు), డంపింగ్ యార్డు రసీదులు అడగండి. "కాంట్రాక్టర్ వ్యాపార రహస్యం" అనో "థర్డ్ పార్టీ సమాచారం" అనో తిరస్కరిస్తే అప్పీలుకు వెళ్లండి, ప్రజల డబ్బుతో ఎత్తిన బురదలో రహస్యం ఏముంటుంది? చేతికొచ్చాక మీ అబ్బాయినో అమ్మాయినో కూర్చోబెట్టి బండి నంబరు కొడితే అది ఏ బండో చూపించే ఎంపరివాహన్ యాప్‌లో ఒక్కో నంబరూ కొట్టి చూడమనండి. పది టన్నుల పూడిక మోసిన బండి స్కూటర్ అనో ఆటో అనో తేలితే ఇక మీరు ఎవరితోనూ వాదించక్కర్లేదు, ఆ స్క్రీన్‌షాట్ విజిలెన్స్‌కు పంపితే చాలు. అన్నీ నిజం టిప్పర్లే అయితే ఒకే బండి ఒకే రోజు ఎన్ని ట్రిప్పులు వేసిందో చూడండి, మన ట్రాఫిక్‌లో అశోక్‌నగర్ నుంచి ఊరి బయట డంపింగ్ యార్డుకు పోయి రావడానికి ఎంతసేపు పడుతుందో మీకు నేను చెప్పాలా.

ఉపాధి హామీ పనులకు 2006 నుంచి మన ఊళ్లలో సామాజిక తనిఖీ జరుగుతోంది, ఎం.బుక్‌లో రాసింది ఊరందరి ముందు చదివి, చెరువు దగ్గరికి పోయి టేపు పట్టి కొలుస్తారు. అక్కడ పట్టుబడిన డబ్బు అంతా వసూలు కాలేదు, అది వేరే సంగతి, కానీ చదవడం అంటూ జరుగుతోంది. సిటీలో కోట్ల పనులకు ఆ మాత్రం కూడా లేదు. వచ్చే ఏడాది పూడికతీత మొదలయ్యే రోజు మీ వీధివాళ్లు ఇద్దరు ముగ్గురు వంతులవారీగా వచ్చిపోయే బండ్ల నంబరు ప్లేట్లు ఫోటో తీసి పెట్టుకోండి. ట్రిప్ షీట్ వచ్చాక పక్కపక్కన పెట్టి చూసి, ఏం తేలిందో నాకు రాయండి.